బత్తి వాపస్ రాలే

షాజాదీ బేగంకు పొద్దుగాల నాలుగున్నరకే మెలకువ అయితది. నిద్ర చాలి కాదు, దగ్గు లేపుతది. లేచినంక మంచం మీదనే కాసేపు కూసుంటది. ఛాతి మీద అరచెయ్యి పెట్టుకోని, ఇయ్యాల్ల పాణం ఎట్లున్నదో చూసుకుంటది. నస్పూర్ కాలనీల ఆమె క్వార్టర్ కాడికెల్లి బాయి దాక నడక పదిహేను నిమిషాలు. ఆమె నడిస్తె అర్ధగంట. నడుమ రెండు తావుల ఆగుతది. ఒకటి పాలబూతు కాడ, ఇంకోటి ఏమీ లేని కాడ, ఉత్తగనే, ఊపిరి కోసం.

బాయి అంటె నీళ్ల బాయి అనుకునేరు. ఈ దిక్కు బాయి అంటె బొగ్గు బాయి. "ఏడికి పోయిండు?" అంటె "బాయి మీదికి పోయిండు" అంటరు, డ్యూటీకి పోయిండన్నట్టు. ఏ బాయి, ఎన్నో నంబరు బాయి అని నన్ను అడుగకుండ్రి. చెప్తె మీకు ఒరిగేది లేదు, ఆమెకు మాత్రం ఇంకో తలనొప్పి.

ఆమె పని ల్యాంపు రూముల. లోపటికి దిగేటోళ్లు టోపీకి తగిలిచ్చుకునే బత్తులు ఉండే రూము అది. మనిషికొక నంబరు ఉంటది. బత్తికీ అదే నంబరు, గోడకున్న ఖానాకూ, అంటె బత్తి పెట్టే గూటికీ, అదే నంబరు. పోయేటప్పుడు మనిషి తన ఇత్తడి బిళ్ల కిటికిల పెడ్తడు. షాజాదక్క బత్తి తీసి ఇచ్చి, ఆ ఖాళీ ఖానాల బిళ్ల తగిలిస్తది. షిఫ్టు దిగి వచ్చినంక మనిషి బత్తి ఇస్తడు, బిళ్ల తీసుకపోతడు. బత్తి వచ్చిందంటె మనిషి బయటికి వచ్చిండు. ఖానాల ఉత్త బిళ్లనే ఉన్నదంటె మనిషి ఇంకా భూమి లోపట ఉన్నడు. సదువు రానోనికి గూడ అర్థమయ్యే లెక్క ఇది.

ఆ కిటికి కాడ ఆమె నిలవడి ఇరవై రెండేండ్లయింది. అది పెనిమిటి పోతె వచ్చిన కొలువు. మక్బూల్ బొగ్గు కొట్టెటోడు. ఒకనాడు రెండో షిఫ్టుల, ఒక్కడే ఉన్న కాడ, పైకప్పు కూలి ఆయన మీద పడ్డది, ఎవ్వలు చూడలే. అందరు వచ్చిన్రు, మక్బూల్ బత్తి ఒక్కటి రాలే. ఆనాడు ల్యాంపు రూముల ఉన్న మనిషి ఖాళీ ఖానా చూసిండట. చూసి, "ఓవర్‌టైం చేస్తున్నడేమో లే" అనుకోని తాళమేసుకోని ఇంటికి పోయిండట. పొద్దుగాల లోపటికి పోయినోళ్లకు మక్బూల్ దొరికిండు. పాణం పోయి ఎక్కువ సేపు కాలే అన్నడట డాక్టరు. ఈ ముచ్చట ఆమెకు ఎవ్వరు చెప్పలే. కొలువుల చేరిన ఆరేండ్లకు, అదే రూముల, ఛాయ్ తాగుకుంట ఒక ముసలాయన వేరే మాటల నడుమ అనేసిండు. అన్నంక నాలిక కరుసుకున్నడు. ఏం లాభం! ఆమె ఆ పూట ఛాయ్ గ్లాసు కింద పెట్టి, బయటికి పోయి, గోడకు ఆనుకోని నిలవడ్డది. మళ్ల లోపటికొచ్చి బత్తులు తుడిసింది. ఏడ్వలే. ఎవరి మీద ఏడ్వాలె? ఆ మనిషి గూడ అప్పటికే సచ్చిపోయిండు.

ఆనాటి సంది ఆమెకు ఒక అలవాటైంది. మొఖం చూడందే బత్తి ఇయ్యది. "తల పైకెత్తు" అంటది. "కండ్లు ఎర్రగున్నయేంది? రాత్రి ఎన్ని గుటుకలేసినవ్?" అంటది. జరమున్నోని చెయ్యి కిటికిల నుంచే తాకి చూసి "పోరా, ఇంటికి పోయి పండుకో" అని బిళ్ల వాపస్ చేతిల పెడ్తది. పెద్దోళ్లు నవ్వుతరు, పడుసోళ్లు ఎనక నుంచి "ఆపా, జర జల్ది! ఇదేమన్న సంబంధం చూసుడా?" అని ఒర్లుతరు. ఆమె ఇనది. షిఫ్టు దిగినంక మాత్రం ఒక్కొక్క ఖానా మీద వేలు పెట్టుకుంట పోతది. నాలుగు వందల పైచిలుకు ఖానాలు. వేలు పెట్టంది, చివరి బత్తి రాంది, ఆమె నీళ్లు గూడ తాగది.

పాత బత్తుల ముచ్చట చెప్పాలె మీకు. అవి బత్తులా, బండరాళ్లా! నడుముకు ఆసిడ్ బ్యాటరీ డబ్బ, దాని నుంచి నెత్తి దాక నల్ల తీగ. రెండున్నర కిలోలు ఉంటుండె. ఎనిమిది గంటలు నడుముకు కట్టుకోని వంగి పని చేసినోని నడుము ఏం కావాలె? ఆసిడ్ కారి లాగులు బొక్కలు పడుతుండె, తొడలు కాలుతుండె. రోజు ఒక్కొక్క డబ్బ మూత తీసి నీళ్లు పొయ్యాలె. షాజాదక్క చేతులు చూడుండ్రి, మణికట్టు కాడికెల్లి మోచెయ్యి దాక తెల్ల మచ్చలు. మంచి చీర కట్టుకోని డ్యూటీకి పోయింది లేదు. ఛార్జింగ్ పెడితె రూమంత ఆసిడ్ వాసన, కొలిమి తీరు ఉడుకు. ఆ దగ్గు ఏడికెల్లి వచ్చిందనుకుంటున్నరు? ఆ వాసన పందొమ్మిదేండ్లు పీల్చుడు కాడికెల్లే వచ్చింది.

మూడేండ్ల కింద ఎల్ఈడీ బత్తులు వచ్చినయి. మొదటి దినం పెట్టె ఇప్పి చేతిల పట్టుకున్నప్పుడు షాజాదక్క నమ్మలే. "ఇందుల ఏమన్న ఉన్నదా, ఉత్త డబ్బేనా?" అన్నది. బ్యాటరీ, దీపం అంత కలిపి అరచేతిల పడుతది. నడుముకు డబ్బ లేదు, తీగ లేదు, ఆసిడ్ లేదు. టోపీకి తగిలిస్తె నెత్తి మీద ఉన్నదో లేదో మనిషికే తెల్వది. వెలుగు చూస్తె పట్టపగలు. పాత బత్తి ముందు రెండడుగులు చూపెడుతుండె, ఇది పైకప్పుల సన్నని పగులు గూడ చూపెడుతది. పగులు కనవడ్డోడు ముందే పక్కకు జరుగుతడు. అట్ల ఎంతమంది బతికిన్రో ఎవరు రాసిపెట్టిన్రు? ఒక్కసారి ఛార్జి పెడితె పదహారు గంటలు. కరెంటు పాతదాంట్ల నాలుగో వంతు గూడ తినది. రూముల ఆ ఉడుకు పోయింది, వాసన పోయింది. ఆ ఏడు ఎండకాలం ఆమె దగ్గు సగానికి తగ్గింది. కాగజ్‌నగర్‌ల ఉన్న బిడ్డ యుమ్నాకు ఫోన్ చేసి, "బిడ్డా, అల్లా కండ్లు తెరిసిండు" అని చెప్పింది. నిజంగ సంబురపడ్డది. ఎల్ఈడీ మీద ఆమెకు ఏనాడు కోపం లేదు, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండ్రి.

కాని బరువు పోతె బరువుతోని ఇంకొకటి గూడ పోయింది. అది పోతదని ఆమె గూడ అనుకోలే.

పాత బత్తి ఏడో గంట దాటితె ఎర్రబారుతుండె. లోపట గడియారం ఎవడు చూస్తడు? బత్తి ఎర్రబడ్డదంటె షిఫ్టు అయిపోయినట్టు, నడువుండ్రి ఇగ అని అందరు ఒక్కసారే బయటికి మళ్లుతుండె. వచ్చుడు వచ్చుడే ఆ బండను నడుము నుంచి ఇప్పి కిటికిల పడేసి, హమ్మయ్య అనేటోళ్లు. దాన్ని ఇంటికి మోసుకపోయే పిచ్చోడు ఎవడు? ఎల్ఈడీ ఎర్రబడది. షిఫ్టు ఎక్కినప్పుడు ఎంత తెలుపో దిగినప్పుడు గూడ గంతే తెలుపు, ఇంకా ఎనిమిది గంటల వెలుగు అందుల మిగిలే ఉంటది. గంత మంచి వెలుగును ఖానాల పెట్టి పోవుడు మనిషికి పాణం ఒప్పలే. ఒగడు పొలంల మోటరు కాడికి, ఒగడు గోదావరిల చేపలకు, ఒగడు ఇంట్ల కరెంటు పోతె అక్కరకొస్తదని, జేబుల ఏసుకోని పోవుడు మొదలు పెట్టిన్రు. పొద్దుగాల తెచ్చి "అక్కా, మరిసిపోయిన" అంటరు.

దాంతోని కొత్త పద్ధతి గూడ వచ్చింది. ఈ బత్తులకు నీళ్లు పోసుడు లేదు, తుడుసుడు లేదు. ఎవరిది వాళ్లే ఖానాల నుంచి తీసుకోవచ్చు, వాళ్లే పెట్టొచ్చు. ఏడుగురు చేసే రూముల షిఫ్టుకు ఒక్కరు మిగిలిన్రు. మొదటి షిఫ్టుకు షాజాదక్క. మనుషులు ఆమె ఎనకకెల్లి వచ్చి బిళ్ల తగిలిచ్చి, బత్తి తీసుకోని పోతుండిరి. ఆమె అటు ఇటు తిరిగి "అరే, ఆగు, మొఖం చూడనీయ్" అనుకుంట ఉరికేది. ఉరికితె దగ్గు. అయినా ఉరికేది.

పోయిన చలికాలం ఒకనాడు షిఫ్టు దిగినంక హనుమండ్లు బత్తి రాలే. ఆమె అటెండెన్స్ ఆఫీసుకు పోయి, ఎర్ర పెన్నుతోని రిజిస్టర్ల రాసింది: మనిషి బయటికి రాలేదు. ఆ మాట రాసినంక ఇగ ఎవరిదీ నడువది. లోపట పని ఆపి, మనుషులను తోలి, వెతకాల్సిందే, అది కానూను. గంట వెతికిన్రు. హనుమండ్లు గోదావరి ఒడ్డు మీద గాలమేసుకోని కూసున్నడు, నెత్తి మీద బత్తి. రెండు నెలలకు సిద్దిరాములుది రాలే. ఆయన మనుమరాలి తొట్లె ఫంక్షన్ల, టెంటు కింద వంటోళ్లకు వెలుగు పట్టుకోని నిలవడి ఉన్నడు. ఆ రెండో సారి మేనేజర్ సాబ్ ఆమెను పిలిపిచ్చుకున్నడు. చెడ్డోడు కాదు ఆయన. కుర్చి ఏసి కూసోవెట్టిండు. కాని మాట మాత్రం గట్టిగనే చెప్పిండు.

"చూడమ్మా, పని ఆగితె పైనకెల్లి నన్నడుగుతరు. ఇంకోసారి గిట్లయితె నిన్ను బొగ్గు యార్డుకు పంపుడు తప్ప నాకు వేరే తొవ్వ లేదు."

బొగ్గు యార్డు అంటె బాయి నుంచి వచ్చిన బొగ్గు బెల్టు మీదికెల్లి కింద పడే జాగ. పొద్దంత నల్ల దుమ్ము లేస్తనే ఉంటది. కింద రాలింది ఊడ్సి కుప్ప పెట్టుడు అక్కడి పని. కంపెనీ దవాఖాన డాక్టరు ఆమె ఛాతి ఎక్స్‌రే చూసి, "ఇగ దుమ్ము జోలికి పోకు బేగం, ఊపిరితిత్తులు బలం పోయి నాదాన్ అయినయి" అని ఎన్నడో చెప్పిండు. ఇంకా తొమ్మిదేండ్ల సర్వీసు ఉన్నది. ఆ యార్డుల తొమ్మిదేండ్లు కాదు, తొమ్మిది నెలలు గూడ వశం కాదని ఆమెకు తెలుసు. ల్యాంపు రూమంటె ఆమెకు కొలువు కాదు, ఊపిరి.

గందుకే ఆమె గూడ మారింది, అబద్ధమెందుకు. ఆ తర్వాత మూడు నెలలు ఖాళీ ఖానాలు కనవడ్డా ఎర్ర పెన్ను ముట్టలే. ఫోన్లు చేసి తెలుసుకునేది. "ఇంట్లున్నడా? ఉన్నడా? సరే." ఎవ్వరు ఎత్తకపోతె మళ్ల మళ్ల కొట్టేది. క్వార్టర్‌కు పోయినా ముద్ద దిగకపోయేది. పొద్దుగాల ఆ మనిషి మొఖం కనవడే దాక నిద్ర రాకపోయేది. రెండు మూడుసార్లు నవ్వుకుంట వచ్చిన మనిషిని చూసి లోపట్నే తిట్టుకున్నది, నీ బొంద, నా రాత్రంత తిన్నవు గదరా అని. నిజం చెప్పాలెనంటె ఆమె అలిసిపోయింది. ఒళ్లు కాదు, పట్టిచ్చుకునుడే అలిసిపోయింది.

లచ్చయ్య దినం గట్ల వచ్చింది.

లచ్చయ్య టింబర్ పని చేస్తడు, పైకప్పుకు కట్టె మొద్దులు పోటు పెట్టే పని. యాభై ఎనిమిదేండ్లు, దిగిపోవుటానికి రెండేండ్లు లేదు. నస్పూర్‌కు పన్నెండు కిలోమీటర్ల దూరంల ఊరు, షేర్ ఆటోల వస్తడు. ఇరవై రెండేండ్లల ఒక్కనాడు బత్తి ఇంటికి తీసుకపోలే. ఆమెను చెల్లె అంటడు. ఆ పొద్దు బత్తి తీసుకోను వచ్చిన మనిషిని చూసి ఆమె ఆగింది. మొఖం పాలిపోయి ఉన్నది, నొసటికి చెమట.

"లచ్చన్నా, ఏమైంది?"

"ఏం లేదు చెల్లె, రాత్రి నిద్ర లేదు."

"పాణం బాగ లేకుంటె వాపస్ పో. ఒక్క నాగా అయితె ఏం మునుగది."

"నాగలు చానయినయి, ఇగ పెట్టరాదు" అని బత్తి తగిలిచ్చుకోని, తల వంచుకోని పోయిండు.

మూడు గంటలకు షిఫ్టు దిగింది. మూడున్నర వరకు బత్తులన్ని ఖానాలకొచ్చినయి. నాలుగు వందల పదిహేడు మాత్రం రాలే. లచ్చయ్యది. స్నానాల కాడ ఉన్నోళ్లను అడిగింది. రెండు గంటలప్పుడు పనికాడ చూసినమన్నరు. బయటికొస్తుంటె ఎవరన్న చూసిన్రా అంటె ఎవరు చూడలే. లచ్చయ్యకు ఫోన్ కొట్టింది. అది బందు. లోపటికి ఫోన్ తీసుకపోనీయరు గద. ఆయన భార్య భూమవ్వకు కొట్టింది. మోగి మోగి ఆగింది. మళ్ల కొట్టింది. మళ్ల ఆగింది.

నాలుగయింది. రెండో షిఫ్టోళ్లు లోపటికి పోయిన్రు. రూముల ఆమె ఒక్కతే. ఖానాల బిళ్ల వేలాడుతున్నది. ఇంటికే తీసుకపోయిండేమో, అందరు గంతే గద, లచ్చయ్యకేం కొమ్ములున్నయా అనుకున్నది. తాళం చేతిల పట్టుకున్నది. తలుపు దాక పోయింది. అక్కడ ఆగింది. ఆ మొఖం మీది చెమట యాదికొచ్చింది. ఎక్కడ్నో మూల గోడకు ఆనుకోని ఛాతి పట్టుకోని కూసున్నడేమో, నెత్తి మీద బత్తి మాత్రం తెల్లగ వెలుగుతనే ఉన్నదేమో అని కండ్ల ముందటికి వచ్చింది. యా అల్లా, ఒకాయన గూడ ఇట్లనే తాళం పట్టుకోని నిలవడ్డడు గద, ఇదే గడప మీద! ఆయన పోయిండు. పోయి అన్నం తిని పండుకున్నడు.

తప్పయితె యార్డే. తప్పయితె ఊపిరి పోతది. ఆమె గడప మీద ఎంతసేపు నిలవడ్డదో ఆమెకే తెల్వది. తర్వాత తాళం కుర్చి మీద పెట్టి, అటెండెన్స్ ఆఫీసుకు నడిసింది. ఎర్ర పెన్ను అడుక్కున్నది.

ఆ షిఫ్టు ఆఫీసరు శ్యాంసుందర్. ఇరవై ఎనిమిదేండ్ల పిలగాడు, హుస్నాబాద్ దిక్కు రైతు కొడుకు. బాపు దుబాయిల పదిహేనేండ్లు కష్టం చేసి సదివిచ్చిండు. ఇంటికి పోను బండి మీద కూసున్నోడు ఆమె రాసిన మాట చూసి దిగిండు.

"అక్కా, మంచిగ ఆలోచించినవా? నీకు మళ్ల పరేషాన్ అయితది."

"రాసిన సారు. ఇగ ఆలోచించుడు అయిపోయింది."

శ్యాంసుందర్ టోపీ పెట్టుకున్నడు. స్నానం చేసి బట్టలు మార్సుకున్నోళ్లల్ల ఐదుగురిని పిలిసిండు. వాళ్లల్ల హనుమండ్లు గూడ ఉన్నడు. "అక్కా, మా పాణాలు తోడుతున్నవ్, ఆడు ఊరికి పోయి కల్లు తాగుతుంటడు" అని గునుక్కుంటనే ఆరుగురు మళ్ల లోపటికి దిగిన్రు. బెల్టు ఆపిన్రు. బాయంత సప్పుడు లేకుండ అయింది. ఆమె బయట సిమెంటు గద్దె మీద కూసున్నది. దగ్గొస్తె నోట్లె కొంగు కుక్కుకున్నది, లోపటికెల్లి ఏమన్న సప్పుడొస్తె ఇనవడాలె గదా అని.

పావు తక్కువ ఆరుకు గేటు కాడ ఒక బండి ఆగింది. ఎనక సీటు మీదికెల్లి లచ్చయ్య దిగిండు.

మోకాళ్ల దాక బురద. నెత్తికి రుమాల్, రుమాల్ మీద బత్తి. వెలుగుతున్నది గూడ. కాలువ నీళ్ల వంతు మూడు గంటలకు ఆయన మడికి వచ్చిందట. పోయిన వంతు పక్క మడాయన మలుపుకున్నడని రాత్రంత పంచాది పడ్డరట, గందుకే నిద్ర లేదు. ఈసారి తప్పితె పంట ఎండుతదని, రెండున్నరకే రెండో మొగం నుంచి, అంటె బాయికి అవతలి దిక్కున్న దారి నుంచి, ఎవ్వలికి కనవడకుండ జారుకున్నడు. వంతు నడిరాత్రి దాక ఉంటదని బత్తి తీసుకపోయిండు. భూమవ్వ గూడ మడిలనే ఉన్నది, ఫోన్ ఒడ్డు మీద సంచిల ఉన్నది. ఊర్లె ఎవరికో కబురు తెలిసి, పొలానికి ఉరికి, ఈయన్ను బండి మీద ఎక్కిచ్చుకొచ్చిన్రు.

షాజాదక్క లేచి ఎదురుగ పోయింది. మొదాలు ఆయన చెయ్యి పట్టుకోని చూసింది, ఉడుకుగ ఉన్నదా సల్లగ ఉన్నదా అన్నట్టు. తర్వాత ఆ చేతినే ఇసిరికొట్టింది.

"నీ పాడుగాను లచ్చన్నా! ఒక్క మాట చెప్పి పోతె ఏమయితుండె? ఒక్క మాట! నీ నోరు పడిపోయిందా?"

"చెప్తె పోనీయరు గద చెల్లె" అన్నడు లచ్చయ్య, మన్ను దిక్కు చూసుకుంట. "నా గురించి గింత చేస్తరని నేను అనుకోలే."

ఆమె అక్కడ్నే నేల మీద కూలవడ్డది. ఏడ్సింది. గట్టిగనే ఏడ్సింది, అందరి ముందట. మక్బూల్ ఎట్ల పోయిండో ఆ ముసలాయన నోట ఇన్ననాడు రాని ఏడుపు ఆనాడు వచ్చింది. లచ్చయ్య బతికున్నందుకు ఏడ్సింది, బతికున్నందుకే తన కొలువు పోతున్నదని ఏడ్సింది. ఈ రెండు ఒక్క ఏడుపుల ఎట్ల పట్టినయో మరి. అప్పుడే లోపటికెల్లి ఆరుగురు బయటికొచ్చిన్రు, మొఖాలు మసి. లచ్చయ్యను చూసి హనుమండ్లు ఒక బూతు మాట అన్నడు. శ్యాంసుందర్ తన బత్తి ఖానాల పెట్టి, బిళ్ల తీసుకోని, నల్లా కాడికి పోయిండు.

తెల్లారి మేనేజర్ సాబ్ రూముల మాటలు తక్కువనే నడిసినయి.

"ఎల్ఈడీలు వచ్చినంక కాలం మారింది బేగం. బత్తి రాలేదంటె మనిషి లోపట ఉన్నట్టు కాదు."

"మరి మనిషి లోపట ఉన్నట్టు ఎట్ల తెలుస్తది సాబ్?"

ఆయన పెన్ను మూత ఇప్పిండు, మళ్ల పెట్టిండు. "దానికి ఏదో ఒక పద్ధతి పెడ్తం" అన్నడు. "అప్పటి దాక నువ్వు యార్డుకు పో." బత్తి ఇంటికి తీసుకపోయినందుకు లచ్చయ్యకు ఒక మెమో కాయిదం ఇచ్చి ఇడిసిపెట్టిన్రు.

సోమారం నుంచి యార్డు. ముక్కుకు, మూతికి తడిబట్ట కట్టుకోని ఊడుస్తది. మధ్యాహ్నం వరకు ఆ బట్ట నల్లగ అయితది, పిండితె నల్లనీళ్లు. నోట్లె గుంజుకునే మందు ఇంతకు ముందు దినానికి రెండుసార్లు గుంజుకునేది, ఇప్పుడు ఆరేడుసార్లు. నడక అర్ధగంట నుంచి ముప్పావు గంటయింది. ఆగే జాగలు నాలుగయినయి. యుమ్నా ఫోన్ చేస్తె "మంచిగనే ఉన్న బిడ్డా" అని జల్ది పెట్టేస్తది, దగ్గు ఇనవడకుండ. ల్యాంపు రూముకు ఆమె తావుల ఎవ్వల్ని ఇయ్యలే. కిటికి మూసిన్రు. ఎవరిది వాళ్లే తీసుకుంటున్నరు, ఎవరిది వాళ్లే పెడుతున్నరు.

పన్నెండో దినం పొద్దుగాల, డ్యూటీల దిగే ముందు, శ్యాంసుందర్ యార్డుకు వచ్చిండు. ఆమె చెట్టు కింద ఛాయ్ తాగుతున్నది. ఆయన చేతిల ఒక కాయిదం ఉన్నది. వారం దినాలు మేనేజర్ ఎనక తిరిగి ఒప్పిచ్చిండట.

"అక్కా, దీని మీద సంతకం పెట్టు చాలు. రేపటికెల్లి మళ్ల నీ రూముకే."

ఆమె కండ్లద్దాలు తీసి పెట్టుకున్నది. కాయిదం మీద టైపు కొట్టి ఉన్నది: "ఇకమీదట బత్తి వాపసు రానంత మాత్రాన మనిషి లోపల ఉన్నట్లు భావించి, పై అధికారి అనుమతి లేకుండా రిజిస్టరులో రాయనని హామీ ఇస్తున్నాను."

రెండుసార్లు సదివింది. పెన్ను గూడ తీసుకున్నది. ఎవరు తీసుకోరు? ఛాతిల పిల్లి కూతలు కూస్తున్నయి. సంతకం ఎంతసేపు? ఆ గది, ఆ సల్లని గాలి, కుర్చి, అన్నీ ఆ గీత అవతలనే ఉన్నయి. పెన్ను కాయిదానికి ఆనిచ్చింది. ఆనిచ్చి అట్లనే ఉన్నది.

"సారు, నీకు చిన్న బిడ్డ ఉన్నది గద. ఎన్ని నెలలు?"

"ఏడు నెలలక్కా."

"రేపు నీ బత్తి రాకపోతె నేనేం చెయ్యాలె? పై అధికారిని అడుగాల్నా? పై అధికారి నువ్వే గద. లోపట ఉన్న నిన్ను అడుగాల్నా, లోపట ఉన్నవా అని?"

ఆమె పెన్ను కాయిదం మీదికెల్లి తీసింది.

"సంతకం పెట్టి ఆ కిటికి కాడ కూసుంటె నాకు ఊపిరి ఆడుతది, నిజమే. కాని కూసోని ఏం చెయ్యాలె నేను? ఖానాలు చూసుకుంట కూసోవాలె, అంతేనా? చూసి, తాళమేసుకోని ఇంటికి పోవాలె. వద్దు సారు. నాతోని కాదు."

ఇదేదో మొండి ధైర్యం అనుకోకుండ్రి. ఆమెకు చాన భయం ఉండె. యార్డుల సచ్చిపోతనేమో అని గూడ ఉండె. కాని ఆ మాట రాయను ఆమెకు చెయ్యి రాలే, గంతే. కాయిదం మడిసి ఆయన చేతిల పెట్టింది. ఆయన తీసుకున్నడు. ఏదో చెప్పబోయిండు, డ్యూటీ సైరన్ మోగింది, పోయిండు. ఆమె బట్ట తడుపుకోని మూతికి కట్టుకున్నది.

ఆ పొద్దంత ఊడ్సింది. ఎండ ఎక్కింది, దిగింది. మూడు గంటలకు సైరన్ మోగింది. షిఫ్టు దిగినోళ్లు గుంపులు గుంపులుగ బయటికొచ్చి ఆటోల దిక్కు, బండ్ల దిక్కు పోతున్నరు. యార్డు దిక్కు ఎవరొస్తరు? బెల్టు సప్పుడుల ఆమెకు మొదాలు ఇనవడలే. ఎవరో పిలుస్తున్నట్టనిపిచ్చి తల ఎత్తింది.

తీగ కంచె అవతల శ్యాంసుందర్ నిలవడ్డడు. మొఖం ఇంకా కడుగలే, మసి మసి. టోపీ చేతిల ఉన్నది, టోపీకి బత్తి లేదు, ఖానాల పెట్టే వచ్చినట్టున్నడు. నోటికి రెండు చేతులు అడ్డం పెట్టుకోని ఒర్లుతున్నడు.

"ఏందీ?" అన్నది ఆమె, చెవి కాడ చెయ్యి పెట్టుకోని.

"వచ్చిన అక్కా! బయటికి వచ్చిన! చెప్పి పోదామని వచ్చిన!"

ఆమె జవాబు చెప్పుదామంటె దగ్గొచ్చింది. దగ్గుకుంటనే చెయ్యెత్తింది, సరే పో, ఇంటికి పో, బిడ్డ ఎదురుచూస్తది పో అన్నట్టు. ఆయన తలకాయ ఊపి బండి కాడికి పోయిండు.

ఆయన ఎనకాల ఇంకెవలన్న వస్తున్నరా అని ఆమె చూసింది. చాన సేపు చూసింది. ఎవ్వలు రాలే. ఆ పూట వందకు పైన మంది లోపటికి పోయిన్రు. ఎన్ని ఖానాలు ఖాళీగున్నయో ఆమెకు తెల్వది, అడిగేటోళ్లు ఆ కిటికి కాడ లేరు. ఒక్కడు మాత్రం బయటికి వచ్చిండని తెలుసు. చీపురు కట్ట మళ్ల చేతిలకు తీసుకున్నది.